కరెంటు బండి కొనేముందు గోడ సాకెట్టు చూసుకోండి



మొన్నామధ్య తొమ్మిదో తరగతిలో సంధులు చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి, "సార్, ఒంటిచక్రం బండి వచ్చిందంట. హ్యాండిలు లేదు, సీటు లేదు. రెండు కాళ్ల నడుమ చక్రం పెట్టుకుని నిలబడితే గంటకు నలభై కిలోమీటర్లు పోతదంట. మా కాక దుబాయిల ఉన్నడు, తెమ్మంటె తెస్తడు. తెప్పించుకోవచ్చునా?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే అంతకు ముందు సంవత్సరమే కరెంటు స్కూటరు ఒకటి కొని నేను పడిన పాట్లు నాకే తెలుసు. "తెలుసుకుని చెబుతాను" అన్నాను. ఆ తెలుసుకున్న సంగతులు ఆ కుర్రాడికే కాక ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు ఉండి ఇటు నాందేడ్‌లోనో అటు నిజామాబాద్‌లోనో బండి కొనాలనుకునే వారందరికీ పనికి వస్తాయనిపించి ఈ ప్రసంగం చేస్తున్నాను.

ముందు ఒంటిచక్రం సంగతి చెప్పుకుందాం. ఈ బండిని నిలబెట్టేది మన నేర్పు ఒక్కటే కాదు. మనం ముందుకు వాలితే లోపలి పరికరం ఆ వాలును పసిగట్టి మోటారుకు చెబుతుంది. మోటారు చక్రాన్ని మన కిందికి తోస్తుంది. అంటే నడవడానికే కాదు, పడకుండా నిలబడడానికి కూడా కరెంటు కావాలి. స్కూటరులో చార్జి అయిపోతే దిగి తోసుకుంటూ ఇంటికి పోతాం. దీనిలో అలా కాదు. బ్యాటరీ నీరసించి ఉన్నప్పుడు మోటారు అడిగినంత కరెంటు ఒక్క క్షణం అందకపోతే మనిషి బోర్లా పడతాడు. అందుకే చార్జి తగ్గేకొద్దీ ఈ బండ్లు పాదాల కింది పలకను వెనక్కి వాల్చి, వేగం తగ్గించమని హెచ్చరిస్తాయి. ఇంకో విచిత్రం కూడా ఉంది. నిండుగా చార్జి చేసి, ఆ వెంటనే పెద్ద పల్లంలోకి దిగినా చిక్కే. బ్రేకు పడినప్పుడు పుట్టే కరెంటు తిరిగి బ్యాటరీలోకి పోవాలి. అప్పటికే నిండిన బ్యాటరీలో చోటెక్కడిది?

ఇక కాక దుబాయి నుంచి తేవడం గురించి. విమానంలో ప్రయాణికుడు వెంట తీసుకుపోయే లిథియం బ్యాటరీకి ఒక హద్దు పెట్టారు. 100 వాట్-అవర్ల దాకా అభ్యంతరం లేదు. 100 నుంచి 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి. 160 దాటితే చేతిసంచిలోనూ పెట్టనివ్వరు, పెద్ద పెట్టెలోనూ పెట్టనివ్వరు. నడవలేనివారి చక్రాల కుర్చీలకు మాత్రం వేరే నియమాలున్నాయి. ఒంటిచక్రం బండ్లలో మామూలుగా 500 మొదలు 2,000 వాట్-అవర్ల దాకా, కొన్నింటిలో అంతకు మించీ ఉంటుంది. కాబట్టి కాక ఎంత మంచివాడైనా దాన్ని సామానులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగలేడు. ఇది ఊరికే పెట్టిన కట్టడి కాదు. హోవర్‌బోర్డులని రెండు చక్రాల ఆటబండ్లు వచ్చాయి గుర్తుందా? అవి చార్జింగులో అంటుకుంటున్నాయని 2016 జులైలో అమెరికాలో 5 లక్షలకు పైగా వెనక్కి తీసుకున్నారు. ఆ ఏడే అక్కడ యు.ఎల్. 2272 అనే పరీక్షా ప్రమాణం వచ్చింది. ఒంటిచక్రం బండికి కూడా చూడవలసిన గుర్తు అదే.

రోడ్డు చట్టం మాటా చెప్పాలి. మన దేశంలో మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోలు మించకుండా ఉన్న బండిని మోటారు వాహనంగా లెక్కించరు. దానికి రిజిస్ట్రేషను అక్కర లేదు. ఒంటిచక్రం బండ్లలో చాలావాటి మోటార్లు ఈ హద్దును ఎప్పుడో దాటేశాయి. పాడైతే బాగు చేసేవారు మన వైపు నాకు ఒక్కరూ కనబడలేదు. అందుకని ఆ కుర్రాడికి "ఇప్పటికి వద్దు నాయనా" అని చెప్పాను. కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. కాని వాడి ప్రశ్న పుణ్యమా అని నా స్కూటరుకు వచ్చిన జబ్బు ఏమిటో నాకు అర్థమైంది.

నా కథ ఇది. సరిహద్దుకు అవతల ఒక ఊళ్లో, చవకగా వస్తోందని, కరెంటు స్కూటరు కొన్నాను. ఏడాది చక్కగా నడిచింది. ఒక సాయంత్రం చార్జరు పనిచేయడం మానేసింది. అమ్మినవారికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. వెళ్లి చూస్తే దుకాణమే లేదు, ఆ చోట ఎవరో చెప్పులు అమ్ముతున్నారు. ఇక్కడే ఒక దుకాణంలో పిన్ను చూపించి అలాంటిదే చార్జరు అడిగాను. "48 వోల్టులదే కదా సార్, ఇదిగో" అని ఇచ్చాడు. పిన్ను సరిగ్గా పట్టింది. దీపమూ వెలిగింది. మనకు ఇంకేం కావాలి? కాని మునుపు అయిదు గంటలు పట్టే చార్జింగు మూడున్నర గంటలకే అయిపోయి ఆకుపచ్చ దీపం వచ్చేది. నేను సంతోషించాను, కొత్త చార్జరు బలమైనదని. నాలుగో రోజు మా ఇంటావిడ, "బండి దగ్గర ఏదో తీపి వాసన వస్తోంది, ఒకసారి చూడండి" అంది. చూస్తే బ్యాటరీ పెట్టె చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది.

మర్నాడు ఒక పాత రేడియో మెకానిక్కు దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన మల్టీమీటరు పెట్టి చూసి, చార్జరు నుంచి 58.8 వోల్టులు వస్తున్నాయి, మీ బ్యాటరీకి 54.6 దాటకూడదు, అన్నాడు. రెంటి మీదా 48 అనే రాసి ఉంది! ఇందులో కిటుకు ఏమిటంటే, 48 అన్నది పేరుకు చెప్పే అంకె. సీసపు బ్యాటరీలు నాలుగు వరసగా కలిపినా దాన్ని 48 వోల్టులే అంటారు, లిథియం సెల్స్ పదమూడు వరసగా కలిపినా 48 అనే అంటారు. కాని నిండినప్పుడు ఒక్కొక్కటి ఎంత దాకా పోవచ్చు అన్నది వేరు. మామూలు లిథియం సెల్ 4.2 వోల్టుల దగ్గర ఆగిపోవాలి. పదమూడింటికి 54.6. సీసపు బ్యాటరీల చార్జరు అంతకు నాలుగు వోల్టులు ఎక్కువే నెడుతుంది.

మరి నా బండి ఎందుకు అంటుకోలేదు? బ్యాటరీ పెట్టెలో సెల్స్‌తో పాటు ఒక చిన్న కాపలా బోర్డు ఉంటుంది, బి.ఎం.ఎస్. అంటారు. హద్దు దాటగానే అది దారి మూసేస్తుంది. కరెంటు పోవడం ఆగింది కనుక చార్జరు "నిండింది" అనుకుని ఆకుపచ్చ దీపం చూపింది. అంటే నేను సంతోషించిన ఆ మూడున్నర గంటల చార్జింగు నిజానికి కాపలావాడు రోజూ తలుపు వేసుకోవడం. అలా ఎన్ని రోజులు వేసేవాడో, ఏ రోజు వాడూ చేతులెత్తేసేవాడో చెప్పలేం. ఒంటిచక్రం బండ్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. వాటిలో నిండు వోల్టేజి ఒక్కో బండికి ఒక్కో రకం, 67.2 ఉన్నవి, 84 ఉన్నవి, 100.8 ఉన్నవి, 126 ఉన్నవి. పిన్ను మాత్రం చాలాచోట్ల ఒకే మోస్తరు. పిన్ను పట్టినంత మాత్రాన చార్జరు మనది కాదు. చార్జరు అడుగున "అవుట్‌పుట్" అని రాసి ఉన్న చోట వోల్టులు ఎన్నో, ఆంపియర్లు ఎన్నో ఇవాళే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రేపు చార్జరు చెడిపోతే దుకాణదారుకు చూపవలసింది పిన్ను కాదు, ఆ కాగితం.

ఇక్కడ మరొక సందేహం వస్తుంది. చార్జరు సరైనదే, అయినా బండి మునుపటంత దూరం పోవడం లేదు, ఎందుకు? పదమూడు కుండలు వరసగా పెట్టి, అన్నింటిలో ఒకే లెక్కన నీళ్లు పోస్తున్నామనుకోండి. అందులో ఒక కుండ లోపల పెచ్చు కట్టి చిన్నదైంది. అది ముందే నిండుతుంది. అది పొర్లకూడదని మనం పోయడం ఆపేస్తే మిగతా పన్నెండు వెలితిగా మిగిలిపోతాయి. తోడేటప్పుడూ అంతే, ఆ చిన్న కుండ ముందే అడుగంటుతుంది, అక్కడితో బండి ఆగుతుంది. బ్యాటరీలో ఒక్క సెల్ నీరసించినా జరిగేది ఇదే. కాపలా బోర్డు ఈ తేడాలను చార్జింగు చివరి ఘడియల్లో మెల్లమెల్లగా సరిచేస్తుంది. చివరి అయిదో వంతు నిండడానికి అంత ఆలస్యం కావడానికి ఇదీ ఒక కారణం. తొందరపడి ఎప్పుడూ మధ్యలోనే తీసేస్తే ఆ సర్దుబాటుకు అవకాశమే ఉండదు. రోజూ ఎనభై శాతం దాకా చాలు, సెల్స్ కూడా ఎక్కువ కాలం మన్నుతాయి. పదిహేను రోజులకొకసారి మాత్రం, మనం ఇంట్లో మెలకువగా ఉన్నప్పుడు, పూర్తిగా నిండనివ్వండి.

చార్జరు దీపం గురించి కూడా ఒక మాట. తగిలించగానే ఆకుపచ్చ దీపమే వచ్చి, బండిలో మాత్రం చార్జి లేకపోతే, కరెంటు లోపలికి పోవడం లేదన్నమాట. పిన్ను వదులైందో, ఫ్యూజు పోయిందో, కాపలా బోర్డు తలుపు వేసుకుందో చూడాలి. ఎర్రదీపం ఎన్ని గంటలైనా మారకపోతే సెల్స్‌లో తేడా వచ్చినట్టు, లేదా ఎక్కడో వేడి రూపంలో కరెంటు పోతున్నట్టు. ఈ రెండు సందర్భాల్లోనూ పెట్టె విప్పి మనమే వైర్లు కలపడం పనికిరాదు. బ్యాటరీకి "పూర్తిగా చచ్చింది" అన్న స్థితి లేదు. మీటరులో ఏమీ చూపకపోయినా సెల్స్‌లో మనిషిని కాల్చేంత శక్తి ఉంటుంది.

ఈ మాట ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 2022 ఏప్రిల్‌లో మన పక్కనే ఉన్న నిజామాబాద్‌లో, రాత్రి ఇంట్లో చార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ల పెద్దాయన చనిపోయారు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో చార్జింగుకు పెట్టిన బ్యాటరీ పేలి ఒక ఇంటి యజమాని పోయారు, భార్యాపిల్లలు గాయపడ్డారు. అంతకు నెల ముందు తమిళనాడులోని వేలూరులో తండ్రీ కూతుళ్లు బండి నుంచి వచ్చిన పొగకు ఊపిరాడక మరణించారు. సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కరెంటు స్కూటర్ల షోరూములో రేగిన మంటల పొగ పైనున్న హోటలు గదుల్లోకి ఎక్కి ఎనిమిది మంది పోయారు. ఇవన్నీ ఒకే సంవత్సరంలో జరిగినవి.

వీటిలో ఎక్కువ చోట్ల కామన్‌గా కనిపించేదేమిటో గమనించారా? బండి రోడ్డు మీద పరుగెత్తుతుండగా కాదు, ఇంట్లో నిలిపి ఉన్నప్పుడు, మనుషులు నిద్రలో ఉన్నప్పుడు. మన ఇళ్ల తీరు ఇక్కడ ఆలోచించాలి. నాందేడ్ పాత బస్తీలోనైనా, ధర్మాబాద్ సందుల్లోనైనా చాలా ఇళ్లకు వీధి వైపు ఒక్కటే ద్వారం. బండి దొంగల పాలవుతుందని రాత్రి దాన్ని నడవలోకి ఎక్కిస్తాం. సాకెట్టు కూడా అక్కడే ఉంటుంది, తగిలించి పడుకుంటాం. అంటే అగ్గి పుడితే పుట్టేది మనం బయటపడవలసిన ఒకే ఒక దారిలో. దొంగ భయమూ నిజమే, నేను కాదనను. కాని బండి నడవలో పెట్టడం వేరు, నడవలో చార్జింగు పెట్టి నిద్రపోవడం వేరు. చార్జింగు సాయంత్రం ఏడు నుంచి పది లోపల, అందరూ మేలుకుని ఉండగా, వసారాలో కానిచ్చి, ఆ తరవాత లోపలికి తెచ్చుకోవచ్చు. విడదీసే బ్యాటరీ అయితే మంచం కిందా, గ్యాసు సిలిండరు పక్కనా, పరుపు మీదా పెట్టవద్దు. గట్టి నేల మీద, చుట్టూ జానెడు ఖాళీ ఉండాలి.

ఒకవేళ బ్యాటరీ ఉబ్బినా, బుస్సుమన్న చప్పుడు వచ్చినా, తెల్లని పొగ వచ్చినా దాన్ని ఎత్తి బయట పారేద్దామని చేతులు పెట్టకండి. ఆ పొగ విషం. క్షణాల్లో మంట అవుతుంది. మెయిన్ స్విచ్చు చేతికి అందేటట్టుంటే ఆపండి, అందకపోతే అదీ వదిలేయండి. మనుషులందరూ బయటికి రావాలి, తలుపు వేయాలి, 101కో 112కో ఫోను చేయాలి. ఆరిపోయిందనుకున్న బ్యాటరీ గంటల తరవాత మళ్లీ అంటుకోవడం కద్దు, అందుకని ఆ రోజు దాన్ని ఇంట్లోకి తేకూడదు.

ఎండ మాట సరేసరి. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలు. లిథియం సెల్స్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదని తయారుచేసేవారే చెబుతారు. మధ్యాహ్నం ముద్ఖేడ్ నుంచి ఎండలో వచ్చి, రేకుల షెడ్డు కింద పెట్టి, వెంటనే తగిలిస్తే ఆ హద్దు ఎప్పుడో దాటి ఉంటాం. ఒక గంట నీడలో చల్లారనివ్వాలి. మావంటి బడిపంతుళ్లకు ఇంకో జాగ్రత్త. వేసవి సెలవులకు నెలా నెలన్నర ఊరెళితే లిథియం బ్యాటరీని సగం చార్జితో వదిలి వెళ్లాలి. ఖాళీగా వదిలితే తిరిగి వచ్చేసరికి లేవదు, నిండుగా వదిలితే ఎండకు వయసు మీరుతుంది. సీసపు బ్యాటరీ అయితే దీనికి పూర్తిగా వ్యతిరేకం, దాన్ని నిండుగా చార్జి చేసి ఉంచాలి, వీలైతే మధ్యలో ఎవరిచేతనైనా మళ్లీ చేయించాలి. పళ్లెం మీద గట్టి పొర కట్టి పాడవుతుంది లేకపోతే.

ఇక సాకెట్టు. బండి చూడడానికి దుకాణానికి వెళ్లేముందు ఇంటి గోడను చూడండి అని నేను అందరికీ చెబుతున్నాను, ఈ మాటకు నన్ను చూసి నవ్వినవారూ ఉన్నారు. రెండు కిలోవాట్-అవర్ల బ్యాటరీ, 67.2 వోల్టుల 5 ఆంపియర్ల చార్జరు అనుకుందాం. గుణిస్తే 336 వాట్లు. ఇస్త్రీపెట్టె కన్నా తక్కువే. కాని ఇస్త్రీపెట్టె పావుగంట వాడతాం, ఇది ఆరేడు గంటలు ఆగకుండా లాగుతుంది. సాకెట్టులో స్ప్రింగు వదులుగా ఉంటే ఆ ఆరు గంటల్లో ప్లాస్టిక్కు కరిగి నల్లబడుతుంది. అందుకని పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు, ఎర్త్ ఉన్న మంచి సాకెట్టు వేరే లైనుతో వేయించండి. మన పల్లెల్లో ఎర్త్ అంటే మూడో రంధ్రం ఉండడమే అనుకుంటాం. దాని వెనక వైరు ఉందో లేదో ఎలక్ట్రీషియను చేత చూపించుకోండి. పొలం మోటార్లు ఒక్కసారి మొదలైనప్పుడు ఊళ్లో వోల్టేజి పడిపోవడం, ఆగినప్పుడు ఎగిరిపడడం మీకు తెలిసిందే. కరెంటు పోయి వచ్చిన క్షణంలో చార్జర్లు ఎక్కువగా పోతాయి. లైటు పోతే చార్జరు పీకేసి, వచ్చిన అయిదు నిమిషాలకు తగిలించడం మంచిది.

పై లెక్కతోనే ఖర్చు, దూరం కూడా తేలిపోతాయి. రెండు కిలోవాట్-అవర్లు నింపడానికి, చార్జరులో వేడిగా పోయేది కలుపుకుని, రెండుంపావు యూనిట్ల కరెంటు అవుతుంది. మీ బిల్లులో మీరు చెల్లించే యూనిట్ ధరతో గుణించుకోండి. ఊళ్లో తిరిగే స్కూటరు కిలోమీటరుకు 25 నుంచి 30 వాట్-అవర్లు తింటుంది. అంటే ఒకరు పోతే డెబ్బై కిలోమీటర్లు, ఇద్దరెక్కి ఎదురుగాలిలో పోతే యాభై. దుకాణదారు చెప్పే పెద్ద అంకె పరీక్షశాలలో వచ్చినది, మీ రోడ్డు మీద వచ్చేది కాదు. అందుచేత "ఎన్ని కిలోమీటర్లు పోతుంది?" అని కాక "బ్యాటరీ ఎన్ని కిలోవాట్-అవర్లు?" అని అడగండి. ఆ అంకె చెప్పడానికి నీళ్లు నమిలేవాడి దగ్గర కొనకండి.

ఇప్పుడు సరిహద్దు వాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతులు. 2022 ప్రమాదాల తరవాత కేంద్ర ప్రభుత్వం ఎ.ఐ.ఎస్. 156 అనే ప్రమాణాన్ని గట్టిపరిచింది. మొదటి విడత 2022 డిసెంబరు 1న, రెండో విడత 2023 మార్చి 31న అమలులోకి వచ్చింది. సెల్స్ ఎక్కడివో ఆనవాలు ఉండడం, నీళ్లు దిగని పెట్టె, వేడి పెరిగితే ముందే హెచ్చరిక, చార్జరుకు ఎక్కువ వోల్టేజి కాకుండా ఆపే ఏర్పాటు వంటివి అందులో ఉన్నాయి. దీనివల్ల మనకు ఒక కొలబద్ద దొరికింది. సెకండ్‌హ్యాండ్ బండి చవకగా వస్తే ధర కన్నా ముందు దాని తయారీ నెల, సంవత్సరం చూడండి. ఆ తేదీలకు ముందుది అయితే చవక ఎందుకో ఆలోచించండి.

రాయితీల మాటకొస్తే, అవి మారుతూ వచ్చాయి. 2023 జూన్ 1న కేంద్రం కిలోవాట్-అవరుకు ఇచ్చే 15,000 రూపాయలను 10,000కు తగ్గించింది, బండి ధరలో 40 శాతం దాకా ఉన్న హద్దును 15కు దించింది. 2024 మార్చితో ఆ పథకమే ముగిసి, అక్టోబరులో ఇంకా తక్కువ రాయితీతో వేరే పథకం వచ్చింది. మీ బావగారు రెండేళ్ల కింద ఎంతకు కొన్నారో దాన్ని పట్టుకుని బేరమాడితే లాభం లేదు.

నిజామాబాద్‌లో కొని నాందేడ్‌లో నడపాలంటే ఎక్కడ ఉండబోతున్నామో అక్కడి రిజిస్ట్రేషను చేయించుకోవాలి. ఎం.హెచ్. 26 కావలసిన చోట టి.జి. 16 బండి కొన్నాళ్లు నడపవచ్చు గాని, పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను చెబుతుంది. పాత బండి అయితే ముందటి ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. బ్యాటరీకి ఇచ్చే వారంటీ కాగితంలో బ్యాటరీ నంబరు, చార్జరు నంబరు రెండూ రాయించుకోండి. బిల్లు, మన మరాఠీలో పావతీ, తప్పకుండా తీసుకోండి. "పావతీ లేకుండా అయితే రెండు వేలు తగ్గిస్తా" అన్న మాటకు నేను లొంగాను. ఆ రెండు వేలకు నేను పోగొట్టుకున్నది చార్జరు ఒక్కటే కాదు, అడిగే హక్కు కూడా.

ఆ హక్కు సరిహద్దు వాళ్లకు ఎంత పెద్దదో చాలామందికి తెలియదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమలులోకి వచ్చింది. దానికి ముందు సాధారణంగా అమ్మినవాడు ఉన్న చోటికో, లావాదేవీ జరిగిన చోటికో పోయి ఫిర్యాదు చేయవలసి వచ్చేది. ఇప్పుడు కొన్నవాడు నివసించే జిల్లాలోనే చేయవచ్చు. బిలోలి మనిషి నిజామాబాద్‌లో బండి కొని మోసపోతే నాందేడ్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, పదిసార్లు బస్సెక్కి సరిహద్దు దాటనక్కర లేదు. అయిదు లక్షల లోపు సరుకుకు రుసుము లేదు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రెండేళ్ల లోపల వేయాలి. ముందుగా మాట్లాడి చూడాలంటే 1915 అనే నంబరుకు ఫోను చేయవచ్చు. కాని అన్నిటికీ మొదట అడిగేది పావతీయే.

పాత బ్యాటరీని ఏం చేయాలని చివరగా అడుగుతారు. తుక్కు కొనేవాడికి వేస్తే వాడు సుత్తితో పగలగొడతాడు, అది ఇంకా ప్రమాదం. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత వాటిని తయారుచేసి అమ్మే కంపెనీలదే. కొత్తది కొనేటప్పుడు పాతది తీసుకుంటారా అని అడిగి, తీసుకున్నట్టు కాగితం పుచ్చుకోండి.

నా బండి ఇప్పుడు నడుస్తోంది. సరైన 54.6 వోల్టుల చార్జరు హైదరాబాద్ నుంచి తెప్పించాను. వసారాలో కొత్త సాకెట్టు పెట్టించాను, ఎర్త్ కోసం పెరట్లో గొయ్యి తవ్వారు. చార్జరు మీద మా ఇంటావిడ ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలతో 54.6 అని రాసింది. దుకాణంలో తెచ్చిన ఆ రెండో చార్జరును బడికి తీసుకుపోయి, తొమ్మిదో తరగతి బల్ల మీద పెట్టాను. ఒంటిచక్రం బండి అడిగిన కుర్రాడే దాని అడుగున ఉన్న అంకెలు బిగ్గరగా చదివాడు.